నెమలి రక్తం సీబీపీ (రక్తకణాల లెక్క) మెషిన్‌లో పెడితే తెల్లకణాలు లెక్కకు అందడం లేదు – ఎవరికైనా తెలుసా?

లీష్మన్_స్టెయిన్ (దేవరకొండ)
అందరికీ నమస్కారం. నేను దేవరకొండలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నిన్న సాయంత్రం మా పశువుల డాక్టర్ గారు ఊదా మూత ట్యూబులో రక్తం పంపించారు. మనిషిది కాదు, నెమలిది. డిండి వైపు వేరుశనగ విత్తిన చేనులో నాలుగైదు నెమళ్లు పడి ఉంటే రైతులు ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేశారట. వాళ్లు వచ్చేసరికి కొన్ని చనిపోయాయి, ఒకటి మాత్రం కొన ఊపిరితో ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది, తల నిలబడటం లేదు, కాళ్లు కొట్టుకుంటోంది. "మీ మెషిన్‌లో ఏమైనా తెలుస్తుందేమో చూడు" అన్నారు డాక్టర్ గారు.

మాది త్రీ పార్ట్ మెషిన్ (తెల్లకణాలను మూడు రకాలుగా విడదీసి లెక్కపెట్టేది). తెల్లకణాల దగ్గర అంకె రాలేదు, ప్లస్ గుర్తులు వచ్చాయి. ప్లేట్‌లెట్ల దగ్గర ఏదో పొంతన లేని అంకె. హిమోగ్లోబిన్ 19. మనిషికి ఇలాంటి రిపోర్టు వస్తే బ్లడ్ క్యాన్సరేమోనని అదే రాత్రి హైదరాబాద్ పంపిస్తారు. డాక్టర్ గారికి ఏం చెప్పాలో అర్థం కావడం లేదు.

పాలమూరు_పోరడు (మహబూబ్‌నగర్)
రిపోర్టు మీద పేరు, వయసు ఏం రాసినవ్ తమ్మీ? "మిస్టర్ నెమలి, రిఫర్డ్ బై ఫారెస్టు" అనా?

మైక్రోస్కోప్_పెద్దాయన (మహబూబ్‌నగర్)
మెషిన్ తప్పేం లేదు బాబూ, దానికి మనిషి రక్తం తప్ప ఇంకొకటి తెలియదు. మన ఎర్రకణాలు ఎముక మజ్జలోనే కేంద్రకాన్ని వదిలేసి బయటికి వస్తాయి. మెషిన్ లైసింగ్ ద్రవం పోసి ఎర్రకణాలను పగలగొట్టేస్తుంది. పగలకుండా మిగిలినవన్నీ తెల్లకణాలే అనుకుని లెక్కపెడుతుంది. మనిషి రక్తంలో ఆ లెక్క సరిపోతుంది. పక్షి ఎర్రకణంలో మాత్రం కేంద్రకం ఉంటుంది. పైపొర పగిలినా అది పోదు. నీ మెషిన్ లెక్కపెట్టబోయింది ఆ కేంద్రకాలనే. ఒక్క మైక్రోలీటరు పక్షి రక్తంలో ఇరవై నుంచి నలభై లక్షల దాకా ఎర్రకణాలుంటాయి. ఇక ప్లస్ గుర్తులు రాక ఏం వస్తాయి?

హిమోగ్లోబిన్ 19ని కూడా నమ్మకు. ఆ కేంద్రకాలు ద్రవాన్ని మసకగా చేస్తాయి, కాంతి సరిగ్గా దాటదు. కాంతి తగ్గిందంటే హిమోగ్లోబిన్ ఎక్కువుందని మెషిన్ అనుకుంటుంది. లైసిస్ అయిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేటను చూస్తే అసలు విలువ దగ్గరికి వస్తావు.

ముందు ఒక స్లైడ్ వెయ్యి. స్టెయిన్ (స్లైడ్ మీద కణాలకు వేసే రంగు) అని పేరు పెట్టుకుని మెషిన్ ముందు కూర్చుంటే ఎలా?

లీష్మన్_స్టెయిన్
వేశాను సార్. ఆయిల్ ఇమ్మర్షన్‌లో (నూనె చుక్క వేసి చూసే పెద్ద లెన్స్‌లో) చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. మన ఎర్రకణాలు గుండ్రంగా, మధ్యలో పాలిపోయి కనిపిస్తాయి కదా. ఇవి కోలగా ఉన్నాయి, ఒక్కొక్కదాని నడుమ ముదురు ఊదా రంగులో కోలగానే ఒక కేంద్రకం. స్లైడ్ నిండా అవే. మధ్యమధ్యలో చిన్న గుండ్రటి కణాలు రెండు మూడు కలిసి గుంపుగా ఉన్నాయి, వాటికీ కేంద్రకం ఉంది. ఇంకొన్ని పెద్ద కణాల్లో ఇటుక రంగు పుల్లల్లాంటి రేణువులు కిక్కిరిసి ఉన్నాయి. ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) అనుకున్నాను కానీ అన్ని ఉంటాయా?

మైక్రోస్కోప్_పెద్దాయన
అవి ఇసినోఫిల్స్ కావు, హెటిరోఫిల్స్. మనకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేసే పని పక్షుల్లో అవి చేస్తాయి. గుంపుగా ఉన్న చిన్నవి థ్రాంబోసైట్లు, అంటే మన ప్లేట్‌లెట్ల స్థానంలో ఉండేవి. మన ప్లేట్‌లెట్లు కణాల ముక్కలు, పక్షులవి పూర్తి కణాలు. అందుకే పక్షుల తెల్లకణాలను నేటికీ చేత్తోనే లెక్కపెడతారు. నాట్–హెరిక్ అనే రంగు ద్రవం కలిపి న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) చూస్తారు. అది లేకపోతే స్లైడ్ మీద ఒక్కో ఫీల్డ్‌లో ఎన్ని కనిపిస్తున్నాయో చూసి అంచనా కట్టవచ్చు.

హెటిరోఫిల్స్‌కీ, ఇంకో రకం తెల్లకణాలైన లింఫోసైట్లకీ మధ్య నిష్పత్తి చూడు. పక్షి భయపడినా, ఆకలితో ఉన్నా, చాలాసేపు డబ్బాలో పెట్టి ఉంచినా హెటిరోఫిల్స్ పెరుగుతాయి. కాబట్టి అది ఎక్కువ కనబడగానే ఇన్ఫెక్షన్ అని రాసేయకు.

జడ్చర్ల_పశువైద్య (జడ్చర్ల)
పెద్దాయన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. పక్షుల విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది పీసీవీ. సన్న గాజు గొట్టంలో రక్తం పోసి తిప్పి, ఎర్రభాగం ఎంత ఉందో కొలవడమే. పక్షుల్లో సాధారణంగా 35 నుంచి 55 శాతం ఉంటుంది. 35 కంటే తగ్గితే రక్తహీనత. పైన నిలిచిన ప్లాస్మా (కణాలు లేని రక్తద్రవం) రంగు చూడండి కానీ పసుపుగా ఉందని కామెర్లు అనకండి. మక్కలు, పచ్చి మేత తిన్న పక్షుల్లో ఆ పసుపు తిండి నుంచే వస్తుంది. పైగా పక్షుల్లో పైత్యరసం రంగు ప్రధానంగా బైలివర్డిన్, అది ఆకుపచ్చ. మనిషికి చేసే బిలిరుబిన్ పరీక్ష పక్షికి చేస్తే దాదాపు దండగ. కాలేయం దెబ్బతింటే రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పచ్చబడుతుంది, ముందు అది చూడాలి.

ట్యూబు సంగతి. నెమలికి ఊదా మూత ఫర్వాలేదు. కాకులు, క్రౌంచ పక్షుల రక్తం ఆ ట్యూబులో ఉండే ఈడీటీఏలో (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) పోస్తే కణాలు పగిలిపోతాయి. వాటికి హెపారిన్ (గడ్డకట్టకుండా ఆపే ఇంకో మందు) ఉన్న ఆకుపచ్చ మూత వాడాలి. ఎంత తీయాలి అంటే, ఆరోగ్యంగా ఉన్న పక్షి బరువులో ఒక శాతం దాటకూడదు. పాలపిట్ట నూటయాభై గ్రాములు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర మిల్లీలీటరు. పిచ్చుకకైతే పావు మిల్లీలీటరు కూడా ఎక్కువే. జబ్బుగా ఉంటే ఇంకా తగ్గించాలి.

ఇక అసలు విషయం. చొంగ, వణుకు, తల వాలిపోవడం, అదీ విత్తిన చేనులో. దీనికి సీబీపీ కాదు చేయాల్సింది. కోలినెస్టరేజ్ చేశారా?

పత్తిచేను (అచ్చంపేట)
సార్, రైతుగా ఒక మాట. మా దగ్గర వేరుశనగ గింజలకు మందు పట్టించి వేస్తాం. వేరుపురుగు పట్టకుండా క్లోరిపైరిఫాస్ పట్టించేవాళ్లు ఉన్నారు. నెమళ్లు, కౌజులు సాలు వెంట పోతూ గింజలు తవ్వుకుని తింటాయి. ఎవరూ వాటిని చంపాలని చేయరు. అయినా కేసు మాత్రం రైతు మీదికే వస్తుందని మాకు భయం.

ఆ కోలి... పరీక్ష మనుషులకు కూడా చేస్తారా? ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన పత్తి సీజన్‌లో మందు కొట్టి ఇంటికి వచ్చాక నాకు చూపు మసకబారింది, వాంతులు, చెమటలు, ఛాతీ పట్టేసినట్టు అయింది. ఆస్పత్రికి పోతే సీబీపీ, షుగర్, ఈసీజీ తీశారు. అన్నీ నార్మల్ అన్నారు. సెలైన్ పెట్టి పంపించారు. మందు కొట్టానని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ
అన్నా, చేస్తారు. మనుషులకోసం పెట్టిన పరీక్షే అది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బిగించేస్తాయి. నరం నుంచి కండరానికి అందిన సంకేతాన్ని చెరిపేయడం ఆ ఎంజైము పని. అది ఆగిపోతే సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కంటిపాప సూదిమొనంత అవడం, చొంగ, చెమట, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆడకపోవడం అన్నీ దానివల్లే. సీబీపీలో ఇది కనిపించదు. ఎందుకంటే కణాల సంఖ్య మారదు.

మా వార్డులో మందు కేసు వస్తే రిపోర్టు కోసం ఆగరు. కంటిపాప, చొంగ, ఊపిరి చూసి విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెడతారు. రక్తపరీక్ష పక్కన నడుస్తుంటుంది. ఒంటి మీద బట్టలు తీసేసి సబ్బుతో కడగడం అన్నిటికన్నా ముందు.

పత్తిచేను
సరే అక్కా. అప్పుడు చేయించి ఉంటే తగ్గినట్టు తెలిసేదా?

మైక్రోస్కోప్_పెద్దాయన
బాగా విషం ఎక్కి ఉంటే తప్పకుండా తెలిసేది. కొద్దిగా ఎక్కి ఉంటే చెప్పలేం. చిక్కు ఇక్కడే ఉంది. ఈ ఎంజైము మామూలు స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. కిట్‌ను బట్టి సుమారు 5,000 నుంచి 12,000 యూనిట్ల వరకు అంతా నార్మలే. నీకు పుట్టుకతో 11,000 ఉండి, మందు వల్ల 6,000కు పడిందనుకో. సగం దాకా పోయింది. రిపోర్టు మీద మాత్రం నార్మల్ అనే ఉంటుంది. డాక్టర్ చూసి ఏం లేదు పో అంటాడు.

అందుకే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇలాంటి మందులు కలిపే, కొట్టే కూలీలకు సీజన్ మొదలుకాకముందే రక్తం తీసి వాళ్ల సొంత విలువ రాసిపెట్టుకుంటారు. తర్వాత మళ్లీ తీసి దానితో పోలుస్తారు. సొంత విలువలో 80 శాతం కంటే కిందికి పడితే పని జరిగే తీరును తనిఖీ చేయాలి. ఈ ఎంజైము రక్తంలో రెండు చోట్ల ఉంటుంది, ఎర్రకణాల్లో, ప్లాస్మాలో. ఎర్రకణాల్లోది 70 శాతానికి, ప్లాస్మాలోది 60 శాతానికి పడితే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించాలి. చట్టమే అది.

ఇంకొకటి. ప్లాస్మాలోది కొన్ని వారాల్లో కోలుకుంటుంది. ఎర్రకణాల్లోది మాత్రం కొత్త కణాలు పుడితేనే నిండుతుంది, మన ఎర్రకణం బతికేది 120 రోజులు కాబట్టి మూడు నాలుగు నెలలు పడుతుంది. కాలేయ జబ్బు ఉన్నా, గర్భిణిగా ఉన్నా ప్లాస్మా విలువ మందు తగలకుండానే తగ్గుతుంది.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ
దీనికి తోడు, ఈ పరీక్ష అన్ని మందులకూ పనికిరాదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి వాటికి, సింథటిక్ పైరిథ్రాయిడ్లకు ఈ ఎంజైము తగ్గదు. కార్బమేట్ రకాలైతే ఎంజైమును పట్టుకుని కొన్ని గంటల్లోనే వదిలేస్తాయి, ల్యాబ్‌కు చేరేసరికి నార్మల్ అయిపోవచ్చు. గడ్డి మందు పారాక్వాట్ తాగి వచ్చిన మనిషికి కోలినెస్టరేజ్ చక్కగా ఉంటుంది, కానీ కిడ్నీలు, ఊపిరితిత్తులు లోపల దెబ్బతింటూ ఉంటాయి. దానికి మూత్రంలో వేరే పరీక్ష ఉంది. "కోలినెస్టరేజ్ నార్మల్, భయం లేదు" అని ఒక ఇంటివాళ్లకు ఎవరో చెప్పడం నా కళ్లతో చూశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ల్యాబ్ తమ్ముడికి ఒక మాట. కోలినెస్టరేజ్‌కు షుగర్ ట్యూబు వాడొద్దు. ఆ గ్రే మూతలో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఈ ఎంజైమును కూడా అణిచేస్తుంది. తప్పుగా తక్కువ చూపిస్తుంది.

మర్రిగూడ_సార్ (మర్రిగూడ)
ఫ్లోరైడ్ అన్నారు కాబట్టి మా మండలం తరఫున నేను వచ్చాను. ట్యూబుల్లో కూడా మమ్మల్ని వదలదా ఇది!

అడగాలనుకున్నది ఇదే. రక్తంలో ఫ్లోరైడ్ పరీక్ష చేస్తే ఎముకల్లో ఎంత పేరుకుందో తెలుస్తుందా? మా తరం వాళ్లం బోరు నీళ్లు తాగి పెరిగాం. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి. మొన్న ఒకాయన ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చి "నాకు ఫ్లోరైడ్ లేదు" అని ఊరంతా చెప్తున్నాడు, మనిషేమో మెడ తిప్పలేడు.

మైక్రోస్కోప్_పెద్దాయన
సార్, ఆయన రిపోర్టూ నిజమే, మెడా నిజమే. ఫ్లోరైడ్ రక్తంలో గంటల లెక్కన ఉంటుంది. కొంత మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకలో దాక్కుంటుంది. రక్తంలో కనిపించేది ఈ మధ్య తాగిన నీళ్ల సంగతి. మూత్రంలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది కానీ అదీ ఇటీవలి సంగతే. ముప్పై ఏళ్ల కిందటి బోరు నీళ్లు ఎముకలో చేసిన పని తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగి ఉండొచ్చు, కానీ అది ఎదిగే పిల్లల్లోనూ, కాలేయ జబ్బుల్లోనూ పెరుగుతుంది. దాని ఒక్కదాని మీద ఫ్లోరోసిస్ అని రాయలేం. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు ఉన్నది ఇందుకే. రక్తంలో కనిపించేదాకా ఆగి చేసేదేం లేదు.

పానగల్_పిట్టలు (నల్లగొండ)
చలికాలంలో ఉదయసముద్రం గట్టు మీద బైనాక్యులర్ పట్టుకుని తిరిగేవాళ్లలో నేనొకడిని. ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను.

పక్షుల రక్తానికీ మన ప్రాంతానికీ సంబంధం చాలా పాతది. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడని స్కూల్లో చదువుకున్నాం. ఆ తర్వాత ఏమైందో చాలామందికి తెలియదు. ఆయన్ని బదిలీ చేశారు, మనుషుల మలేరియా మీద పని ఆగిపోయింది. 1898లో కలకత్తాలో పిచ్చుకల వంటి పక్షుల మీద పని మొదలుపెట్టాడు. జబ్బు పక్షిని కుట్టిన దోమలో పరాన్నజీవి పెరిగి దాని లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందనీ, అక్కడి నుంచి ఇంకో పక్షికి ఎక్కుతుందనీ తేల్చింది పక్షుల్లోనే. 1902 నోబెల్ దాని చలవే. మనిషి మలేరియా లెక్క తేల్చడానికి దారి చూపింది పిట్ట రక్తం.

తమ్ముడూ, నీ నెమలి స్లైడ్‌లో ఎర్రకణాల లోపల ఏమైనా కనిపించాయా?

లీష్మన్_స్టెయిన్
అన్నా, ఉన్నాయి! రెండు మూడు ఫీల్డులకు ఒక కణంలో కేంద్రకం పక్కన ఒంగి, దాన్ని చుట్టుకున్నట్టు ఒకటి కనిపిస్తోంది. లోపల గోధుమ రంగు చుక్కలు. నేను రంగు మరక అనుకున్నాను. అయితే ఇది మలేరియానా? ఆ ట్యూబు నాకు గుచ్చుకుంటే?

మైక్రోస్కోప్_పెద్దాయన
హీమోప్రోటియస్ కావచ్చు, మలేరియాకు దగ్గర బంధువు. ఫొటో చూడకుండా తేల్చను. మనుషులకు అంటదు, పక్షుల మలేరియా కూడా మనకు రాదు. గ్లవ్స్ మాత్రం వేసుకో, అది ఎవరి రక్తానికైనా.

మనకూ వాటికీ తేడా చూడు. జ్వరంతో వచ్చిన మనిషి స్లైడ్‌లో ఒక్క పరాన్నజీవి కనిపించినా మందు మొదలుపెడతాం. ఆరోగ్యంగా ఎగురుతున్న అడవి పక్షుల్లో ఇవి అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి, వాటి దారిన అవి బతికేస్తాయి. కాబట్టి ఆ నెమలి పడిపోయింది దీనివల్ల అని చెప్పడానికి లేదు. హవాయి దీవుల్లో మాత్రం కథ వేరు. అక్కడి పక్షులకు ఈ జబ్బు కొత్త. దోమలు ఓడల్లో చేరాక చాలా జాతులు నాశనమయ్యాయి.

మనిషి మలేరియాకు మందపు స్మియర్ (స్లైడ్ మీద రక్తపు పూత) వేస్తాం కదా, పక్షికి అది పనికిరాదు. ఎర్రకణాలు పగిలినా కేంద్రకాలు మిగిలి అంతా నల్లగా కప్పేస్తాయి. పల్చటి స్మియరే వెయ్యి.

పాలమూరు_పోరడు
మరి బర్డ్ ఫ్లూ? 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలంలో కోళ్లు చచ్చిపోయినప్పుడు మా గల్లీలో చికెన్ దుకాణం ముందు కుక్క కూడా నిలబడలేదు. ఈ నెమళ్లకు కూడా అదే అయితే? రక్తం చూస్తే తెలియదా?

జడ్చర్ల_పశువైద్య
మంచి ప్రశ్నే. గుంపుగా పక్షులు చనిపోతే బర్డ్ ఫ్లూ కాదని తేల్చుకోవడం మా మొదటి పని. కానీ దానికి రక్తం ముఖ్యం కాదు. గొంతులోంచి, వెనక మలద్వారం నుంచి స్వాబ్ తీసి ఆర్టీపీసీఆర్‌కు పంపుతాం. అనుమానిత శాంపిళ్ల తుది నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌లో జరుగుతుంది. రక్తంలో చూసేది యాంటీబాడీలు. అవి రావడానికి వారం పైన పడుతుంది. తీవ్రమైన హెచ్5ఎన్1 సోకిన కోడి యాంటీబాడీలు తయారయ్యేదాకా బతకదు. బాతులు బతుకుతాయి, పైకి ఏమీ తెలియకుండా తిరుగుతుంటాయి. అలాంటి వాటి రక్తంలో యాంటీబాడీలు ఉంటే, ఎప్పుడో సోకి తగ్గిందని అర్థం.

వరి పొలాల్లో తిరిగే కొంగలదీ ఇదే తీరు. మెదడువాపు వైరస్ వాటి రక్తంలో పెరుగుతుంది, దోమలకు ఎక్కుతుంది. కొంగ మాత్రం హాయిగా చేపలు పట్టుకుంటూ ఉంటుంది. మనిషికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది, కానీ మనిషి నుంచి దోమకు తిరిగి ఎక్కేంత వైరస్ మన రక్తంలో ఉండదు.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ
మనుషులకూ ఇదే గోల. డెంగీకి మొదటి రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్‌నే పట్టే పరీక్ష), అయిదో రోజు తర్వాత ఐజీఎం (యాంటీబాడీ పరీక్ష). జ్వరం వచ్చిన రెండో రోజే ఐజీఎం చేయించి "నెగిటివ్, డెంగీ కాదు" అని ఇంటికి పోతారు. ప్లేట్‌లెట్లు 80,000 అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్, బొప్పాయి ఆకు కోసం పరుగులు. నేను అంతకన్నా పీసీవీ పెరుగుతోందా అని చూస్తాను. అది పెరిగిందంటే నాళాల్లోంచి నీరు కారిపోతోందని అర్థం, అప్పుడే మనిషి కుప్పకూలేది. ప్లేట్‌లెట్లు గుంపు కడితే మెషిన్ తక్కువ చూపిస్తుంది, స్లైడ్ చూస్తే తేలిపోతుంది.

పాలమూరు_పోరడు
మా ఊర్లో ఆర్ఎంపీ దగ్గర అయితే జ్వరం వచ్చిన ప్రతి ఒక్కరికీ వైడాల్ పాజిటివే. ఊరు ఊరంతా టైఫాయిడా?

మైక్రోస్కోప్_పెద్దాయన
టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో ఎప్పుడో సోకినవాళ్ల రక్తంలో కొంత యాంటీబాడీ మామూలుగానే ఉంటుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌తో ఏమీ తేలదు. యాంటీబయాటిక్ వేయకముందే మొదటి వారంలో బ్లడ్ కల్చర్ పంపాలి. చెప్పేవాళ్లు చెప్తూనే ఉన్నారు, పంపేవాళ్లు తక్కువ.

పానగల్_పిట్టలు
రాబందుల ముచ్చట ఎవరూ ఎత్తలేదేం? మా తాత కాలంలో చచ్చిన పశువును ఊరి బయట పడేస్తే గంటల్లో ఎముకలు మిగిలేవట. నేను పుట్టాక మా వైపు ఒక్కదాన్నీ చూడలేదు.

జడ్చర్ల_పశువైద్య
దాని మీద ఒక పూట మాట్లాడాలి. పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్ కళేబరంతో పాటు రాబందు కడుపులోకి పోయింది. దాని కిడ్నీలు ఆగిపోయాయి. ఇది తెలిసింది 2004లో, పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొర. అది యూరిక్ యాసిడ్.

పక్షి కిడ్నీ బాగుందా లేదా అన్నది రక్తంలో యూరిక్ యాసిడ్ చెప్తుంది. మనం చూసే యూరియా, క్రియాటినిన్ అక్కడ పెద్దగా పనికిరావు. మనం వ్యర్థాన్ని యూరియాగా బయటికి పంపుతాం, పక్షి యూరిక్ యాసిడ్‌గా పంపుతుంది. మనిషికి 7 దాటితే బొటనవేలు వాస్తుందేమోనని చూస్తాం. డైక్లోఫెనాక్ పడిన రాబందుకు అది అనేక రెట్లు పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే చంపేస్తుంది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఆపారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆపారు. మెలాక్సికామ్ వాడితే రాబందుకు ఇబ్బంది లేదు. అయినా మా దగ్గర గొర్రెల కాపరులు మనుషుల మెడికల్ షాపులో కొని పొడిచేస్తుంటారు. అడిగితే "పని చేస్తుంది కదా సార్" అంటారు. నిజమే, గొర్రెకు పని చేస్తుంది.

మర్రిగూడ_సార్
నెమలికి షుగర్ కూడా చూశారా? ఊరికే అడుగుతున్నా, నాకు ఉంది కాబట్టి.

లీష్మన్_స్టెయిన్
చూశాను సార్, 268! నేను చెప్పలేదు, మళ్లీ నవ్వుతారని.

జడ్చర్ల_పశువైద్య
నవ్వేదేం లేదు, నార్మల్. పక్షుల్లో 200 నుంచి 350 దాకా మామూలే. ఒళ్లు వేడే 41 డిగ్రీలు ఉంటుంది, ఆ ఇంధనం కావాలి. మనిషికి వచ్చినట్టు 90 వస్తే నేను హడలిపోతాను. అలాగే గుడ్లు పెట్టే కాలంలో ఆడ పక్షి రక్తంలో కాల్షియం 20 దాటుతుంది, పెంకు కోసం. మనిషికి 14 దాటితే ఐసీయూ.

ఇక్కడ ల్యాబ్ తమ్ముడికి మళ్లీ చెప్తున్నా. మనుషుల కాలేయానికి చూసే ఎస్జీపీటీ ఎంజైము పక్షి కాలేయం గురించి పెద్దగా చెప్పదు. ఎస్జీఓటీ అనే ఇంకో ఎంజైము చూడు, కానీ సీకే (కండరాల ఎంజైము) కూడా పక్కనే పెట్టి చూడు. పట్టుకునేటప్పుడు పెనుగులాడితే కండరం నలిగి రెండూ పెరుగుతాయి. కండకు ఇంజెక్షన్ వేసినా సీకే పెరుగుతుంది.

పత్తిచేను
ఇంతకూ ఆ నెమలి ఏమైంది? కోలినెస్టరేజ్ చేశారా లేదా?

లీష్మన్_స్టెయిన్
అదే చెప్దామని వచ్చాను. ఆకుపచ్చ ట్యూబులో మళ్లీ తీసి మనుషుల కిట్‌తోనే చేశాం. చాలా తక్కువ వచ్చింది. కానీ నెమలికి ఎంత ఉండాలో నాకు తెలియదు కదా. డాక్టర్ గారు అట్రోపిన్ ఇచ్చారు, రాత్రికి చొంగ ఆగింది. తెల్లారి మెడ ఎత్తి నీళ్లు తాగిందట.

జడ్చర్ల_పశువైద్య
అట్రోపిన్‌కు లొంగిందంటే అదే పెద్ద సాక్ష్యం. అంకెకు బలం కావాలంటే, అదే కిట్‌తో ఆరోగ్యంగా ఉన్న నెమలి రక్తం చేసి పోల్చాలి. జూలోనో, రెస్క్యూ సెంటర్‌లోనో వేరే పనికి తీసిన శాంపిల్ దొరకవచ్చు. దీనికోసమని అడవి నెమలిని పట్టుకోవద్దు, అది 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. ఇంకో పద్ధతి, అదే ప్లాస్మాలో కొంచెం 2-పామ్ (ఈ విషానికి ఇంకో విరుగుడు) కలిపి కొంతసేపు ఉంచి మళ్లీ చేయాలి. అంకె పెరిగితే ఎంజైమును మందు బిగించి ఉంచిందని రుజువు. పెరగకపోయినా కాదని మాత్రం అనలేం, ఆలస్యమైతే ఆ పట్టు ఊడదు. పక్షుల్లో ప్లాస్మాలోదే చూడాలి, ఎందుకంటే వాటి ఎర్రకణాల్లో మనకున్నట్టు ఈ ఎంజైము ఉండదు.

చనిపోయినవాటి మెదడు, కడుపులో గింజలు ఐసులో పెట్టి పంపమని మీ డాక్టర్ గారికి చెప్పండి. అదే జాతి ఆరోగ్యమైన పక్షి మెదడుతో పోలిస్తే ఎంజైము సగానికి పైగా పడి ఉంటే చావుకు కారణం అదేనంటారు, 20 శాతం పడితే మందు తగిలిందని అంటారు. అర్జెంటీనాలో 1995, 96 ప్రాంతంలో స్వెయిన్సన్ డేగలు వేలల్లో రాలిపోయినప్పుడు మోనోక్రోటోఫాస్‌ను పట్టుకోవడంలో ఈ మెదడు పరీక్ష కూడా ఉంది. అక్కడా కారణం మిడతలకు రైతులు కొట్టిన మందే. ఎవరికీ డేగల మీద కక్ష లేదు.

పత్తిచేను
మరి నా సంగతి? మా గ్రూపులో మందు కొట్టేవాళ్లం పదిమంది దాకా ఉన్నాం. సొంత విలువ రాసిపెట్టుకోవాలంటే ఎప్పుడు తీయించుకోవాలి?

మైక్రోస్కోప్_పెద్దాయన
కనీసం నెల రోజులు ఏ మందూ ముట్టకుండా ఉన్నాక. మీకైతే మే నెల మంచిది, పత్తి గింజ వేయకముందే. సీజన్ మధ్యలో ఒకసారి, ఒంట్లో బాగోలేకపోతే వెంటనే ఒకసారి. ప్రతిసారీ ఒకే ల్యాబ్, ఒకే కిట్. ల్యాబ్ మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు.

లీష్మన్_స్టెయిన్
అన్నా, అచ్చంపేట నుంచి దేవరకొండ దగ్గరే కదా, మేలో రండి. పదిమంది అంటే మా మేడమ్‌తో మాట్లాడి రేటు తగ్గిస్తాను. పరగడుపున రావాల్సిన పని లేదు. ఎర్ర మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్లు చాలు. లివర్ ప్రాబ్లం ఉన్నవాళ్లు, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఆ చీటీలు తెచ్చుకోండి.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ
పత్తిచేను అన్నా, ఎరువుల దుకాణం బిల్లులు పారేయొద్దు. ఏ మందు కొట్టారో వాటి మీద ఉంటుంది. డబ్బా లేబుల్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈసారి ఎవరైనా ఆస్పత్రికి పోతే ముందు అది చూపించి, "కోలినెస్టరేజ్ రాయండి" అని పేరు పెట్టి అడగండి.

పాలమూరు_పోరడు
తమ్మీ, మా కోళ్లను కూడా మేలోనే తీసుకురానా, గ్రూపు రేటు వర్తిస్తదా?